గట్టిమేళం ఆగేదాకా

ఈ సంగతి నేను రాయకపోతే ఇంకెవరూ ఉన్నదున్నట్టు రాయరు. వదిలేద్దామనే చాలాకాలం అనుకున్నాను. కానీ మొన్న ఉగాదికి మా ఊరి తెలుగువాళ్ళంతా హైస్కూల్ ఆడిటోరియంలో చేరినప్పుడు ఒక హాస్యనాటిక వేశారు. పెళ్ళి జరుగుతున్న హోటల్లో ఒక పెద్దాయన చనిపోతాడు. శవాన్ని లాండ్రీ బండిలో దాస్తారు, లిఫ్టులో పెళ్ళికొడుకు పక్కన నిలబెడతారు, బఫే బల్ల కిందికి తోస్తారు. ఆయన భార్య వేషం ఒక కుర్రాడు వేశాడు. నుదుటిన అప్పడమంత బొట్టు, చేతిలో కుంకుమ భరిణె. ఎదురైనవాళ్ళకల్లా బొట్టు పెడుతూ, "మా ఆయన బానే ఉన్నారండీ, కాస్త చల్లబడ్డారంతే" అంటూ స్టేజీ అంతా తిరిగాడు. హాలు పడిపడి నవ్వింది. నా పక్క సీటావిడ కళ్ళు తుడుచుకుంటూ, "ఇది నిజంగా జరిగిందటండీ, ఏదో హోటల్లో" అంది.

ఆ ఏదో హోటల్లో ఆ పొద్దున డెస్కు దగ్గర ఉన్నది నేను. ఆ గదిలోకి మొదట వెళ్ళింది నేను.

నాటిక అయ్యాక రాసిన కుర్రాణ్ణి పట్టుకున్నాను. "బాబూ, శవాన్ని ఎవరూ ఎక్కడా దాచలేదు. ఆవిడ అలా అనలేదు" అన్నాను.

"ఆంటీ, అది కామెడీ" అన్నాడు చాలా మర్యాదగా. "బ్రిటిష్ వాళ్ళ పాత హోటల్ సీరియల్ ఒకటుంది. అందులో ఒక ఎపిసోడ్ నుంచి ఇన్‌స్పైర్ అయ్యాను. బ్లాక్ కామెడీ అంటారు. మీరు చూసుండరు."

'మీరు చూసుండరు' అన్న మాట నాకు కొత్త కాదు. మర్నాడే లైబ్రరీకి వెళ్ళి అడిగి, ఆ డిస్కు తెప్పించుకుని రెండుసార్లు చూశాను. నవ్వు రాలేదని అబద్ధం చెప్పను, వచ్చింది. బాగా వచ్చింది. కానీ రెండోసారి చూసినప్పుడు ఒకటి గమనించాను. అందులో నవ్వంతా హోటల్ యజమాని భయం మీద పుట్టింది. తన హోటల్లో చావు జరిగిందని పైకి తెలిస్తే పరువు పోతుందని పరుగులు పెట్టేది అతనే, నవ్వాల్సిందీ అతన్ని చూసే. మా కుర్రాడు పరుగులన్నీ అలాగే ఉంచి, నవ్వును మాత్రం భార్య మీదికి తిప్పాడు. చూసినవాడు చూసి నేర్చుకున్నది ఇదా అనిపించింది. అందుకే రాస్తున్నాను. నవ్వదగ్గవాళ్ళు ఆ రోజు చాలామందే ఉన్నారు. ఆవిడ మాత్రం కాదు.

నా గురించి రెండు మాటలు చెప్పాలి. నాది ఇంటర్మీడియట్‌తో ఆగిన చదువు. మా ఆయన ఉద్యోగం మీద టెక్సాస్‌లోని ప్లేనో వచ్చినప్పుడు, డిపెండెంట్ వీసా మీద ఉన్న నాకు పనిచేసే వీలు లేదు, కారు రాదు. ఈ ఊళ్ళో నడిచేవాళ్ళు ఉండరు. నేను నడిచి లైబ్రరీకి వెళ్ళేదాన్ని. ఈ దేశంలో నా పేరు మీద వచ్చిన మొదటి కార్డు ఆ లైబ్రరీ కార్డే. పిల్లల బొమ్మల పుస్తకాలతో మొదలుపెట్టాను, డిక్షనరీ పక్కన పెట్టుకుని పెద్దవాళ్ళ అరల్లోకి ఎక్కాను. చరిత్ర, వైద్యం, నాటకాలు, ఆచారాలు, ఏది దొరికితే అది. వర్క్ పర్మిట్ వచ్చాక హోటల్ రిసెప్షన్‌లో చేరితే, "ఇన్ని పుస్తకాలు చదివి రిసెప్షనిస్టా?" అన్నారు కొందరు. "రిసెప్షనిస్టువి, నీకెందుకు ఇన్ని పుస్తకాలు?" అన్నారు ఇంకొందరు. ఆ రెండు మాటలకీ నా జవాబు ఇప్పుడు రాస్తున్నదే అనుకోవచ్చు.

మా హోటల్లో తెలుగు పెళ్ళిళ్ళు ఎక్కువ. ఆ శనివారం కూడా కింద బాల్‌రూమ్‌లో పెళ్ళి. ముహూర్తం పదకొండు దాటాక. ఆడపెళ్ళివారూ మగపెళ్ళివారూ రెండు అంతస్తుల్లో దిగారు. నేను డ్యూటీ ఎక్కిన కాసేపటికి పై గదుల్లోంచి ఫోను వచ్చింది.

"నిన్న నాకు వేణ్ణీళ్ళు పంపిన తెలుగమ్మాయివి నువ్వేనా తల్లీ?"

"నేనేనండీ పెద్దమ్మగారూ."

ఆవిడ పెళ్ళికూతురికి పెద్దమ్మ, అంటే పెళ్ళికూతురి తండ్రికి స్వయానా వదినగారు. పిల్లలు లేరు. పెళ్ళికూతురి తల్లిదండ్రులు ప్రాజెక్టుల వెంట ఊళ్ళు మారుతున్న రోజుల్లో ఆ పిల్ల ఇంకో రాష్ట్రంలో, పిస్కాటవేలో, ఈవిడ ఇంట్లోనే పెరిగింది. భార్యాభర్తలిద్దరూ ముందురోజు అక్కణ్ణుంచే వచ్చారు. అందరూ పెద్దమ్మ అంటుంటే నేనూ అలాగే పిలిచాను.

"ఒకసారి పైకి రా. ఒక్కదానివే రా" అంది.

వెళ్ళాను. ఆవిడ పట్టుచీర కట్టుకుని, సగం అల్లిన జడతో తలుపు తీసింది. మంచం మీద పెదనాన్నగారు వెల్లకిలా ఉన్నారు. తల దువ్వి ఉంది. దుప్పటి గుండెలదాకా మడత పడకుండా కప్పి ఉంది. ఆయన పెళ్ళికి కట్టుకోవాల్సిన పట్టుపంచె కుర్చీ మీద ఇస్త్రీ మడతలతో అలాగే ఉంది. కాఫీ మిషను పక్కన రెండు కాగితం కప్పులు, ఒకటి ఖాళీ, ఒకటి నిండుగా.

"కాఫీ కలిపి లేపాను, లేవలేదు" అంది. "చెయ్యి పట్టుకుంటే తెలిసిపోయింది. నిద్రలోనే వెళ్ళిపోయినట్టున్నారు. అదృష్టవంతులు. ఎవరికీ ఇబ్బంది పెట్టే మనిషి కాదు, సరిగ్గా ఇవాళే పెట్టారు."

నేను కూర్చోమన్నాను. కూర్చోలేదు. జడ అల్లడం పూర్తిచేసింది. అల్లిక ఎక్కడా తప్పలేదు.

"కబురు చెప్పాలి కదండీ" అన్నాను.

"చెప్పకు. తాళి పడేదాకా చెప్పకు."

మన ఆచారం ఎరగనివాళ్ళ కోసం ఇక్కడ కాస్త చెప్పాలి. దాయాదుల్లో ఎవరైనా పోతే మైల. మైలలో పెళ్ళి చేయరు. ఇక్కడ పోయింది పెళ్ళికూతురి తండ్రికి తోడబుట్టిన అన్న. అయితే మైల చావుతో మొదలవదు, కబురు చెవిన పడ్డ క్షణంలో మొదలవుతుందని మనవాళ్ళ లెక్క. కబురు ఊరి నుంచి ఊరికి నడిచి వెళ్ళే రోజుల్లో పుట్టిన ఏర్పాటు కాబోలు. చెవిన పడకపోతే మైల లేదు.

"పెళ్ళి ఆగిపోతుందనేనా?" అని అడిగాను.

"పెళ్ళి ఇవాళ కాకపోతే ఇంకో రోజు అవుతుంది. వాళ్ళ దగ్గర డబ్బుంది, ఇంకో హాలు దొరుకుతుంది. నేను ఇంకో రోజు దొరకను." అద్దంలో చూసుకుంటూ బొట్టు సరిచేసుకుంది. "తెలిసిన క్షణం నుంచి నేను వేరే మనిషినైపోతాను. నన్నొక మూల కూర్చోబెట్టి నలుగురు చుట్టూ చేరి ఏడుస్తారు. ఇంకెప్పుడూ ఆ పిల్ల శుభంలో నా చెయ్యి పడనివ్వరు. దానికి మొదటి పలక పట్టించింది నేను. జ్వరమొస్తే ఒళ్ళో వేసుకుని కూర్చుంది నేను. దాని మంగళసూత్రాల పళ్ళెం నేను తిప్పాలి, దాని నెత్తిన నేను అక్షింతలు వెయ్యాలి. ఆయనకీ అదే కోరిక. నిన్న ప్లేన్‌లో కూడా అదే మాట."

ముత్తయిదువే చేయాల్సిన పని అది. ఆవిడకు కావలసింది ఆ ఒక్క పూట.

"నేను పోలీసులకి ఫోన్ చెయ్యకుండా ఉండలేనండీ. ఇక్కడి చట్టం" అన్నాను.

ఆవిడ ఆలోచించింది. "చెయ్యి. పోలీసుకి మైలేమిటి? మావాళ్ళకి చెప్పకు, అంతే."

తలుపు దగ్గరికి వెళ్ళాక మళ్ళీ పిలిచింది. "తలవైపు దీపం పెట్టాలి తల్లీ."

గదుల్లో మంట వెలిగిస్తే సైరన్లు మోగి, పైనుంచి నీళ్ళు కురుస్తాయని చెప్పాను. కింద హోమానికే ఫైర్ వాళ్ళ దగ్గర అనుమతి తెచ్చుకున్నారు. ఆవిడ గది నాలుగువైపులా చూసి, మంచం పక్కనున్న టేబుల్ లాంప్‌ని ఆయన తలవైపుకి జరిపి స్విచ్ వేసింది. "వెలుగే కదా" అంది.

అంబులెన్సు వాళ్ళు, తర్వాత ఒక పోలీసాయన వచ్చారు. మా మేనేజర్‌కి సంగతి చెబితే, ఆవిడ ఒక్క ప్రశ్న కూడా వేయకుండా వాళ్ళను వెనక తలుపు నుంచి సామాన్ల లిఫ్టులో పైకి తీసుకొచ్చింది. చేయాల్సిన పరీక్షలు చేసి, పోయారని రాసుకున్నారు. పోలీసాయన టోపీ తీసి పెద్దమ్మగారితో మాట్లాడాడు, నేను తర్జుమా చేశాను. ఆయన వాడే మందులేమిటి, డాక్టరెవరు అని అడిగాడు. మందులన్నీ వారాల డబ్బాలో పోసి ఉన్నాయి, సీసాలు ఇంట్లో ఉన్నాయి. డాక్టరు ఈమధ్యే మారాడు.

"మా మరిదికి తెలుసు. అతనే మాట్లాడి మార్పించాడు" అంది పెద్దమ్మగారు. "తాళి పడ్డాక అడగమను."

మరణపత్రం మీద డాక్టరు సంతకం పెడతానంటే తప్ప తర్వాతి పని జరగదు, కుటుంబంలో ఇంకొకరితో మాట్లాడితే చాలు, నేను మెల్లగా అడుగుతాను అని పోలీసాయన అన్నాడు. ఆవిడ కిందికి వెళ్ళిపోయింది. మా హౌస్‌కీపింగ్ ఆవిడ ఒకరు, హోండురాస్ మనిషి, చేస్తున్న పని ఆపి ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. చనిపోయినవాళ్ళను ఒంటరిగా వదలకూడదు అంది. మా ఇద్దరి ఆచారమూ ఒకటే.

నేను పోలీసాయన వెనకే కిందికి దిగాను.

ఇక నవ్వాలనుకున్నవాళ్ళు ఇక్కడ నవ్వండి. యూనిఫామ్‌లో మనిషి, పక్కన నేను, పెదనాన్న కూర్చోవాల్సిన కుర్చీ ఖాళీ. తెలివైనవాళ్ళు కదా, మూడూ కలుపుకున్నారు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. పోలీసాయన వెనక నడుస్తూ నేను విన్న సంభాషణలన్నీ ఇలా ఉన్నాయి:

"పైన ఏం లేదుగా?"

"ఏం లేదు. మీకేమైనా..."

"అబ్బే, నేనేం వినలేదు. మీరు?"

"నేను పొద్దుట్నుంచి కిందే ఉన్నా. నాకసలు ఏమీ తెలీదు."

పెళ్ళికూతురి తండ్రి పీటల మీద ఉండటంతో, పోలీసాయన మొదట పిల్లకి బాబాయి వరసయ్యే ఒకాయన దగ్గరికి వెళ్ళాడు. ఆష్‌బర్న్‌లో పెద్ద ఉద్యోగం, కింద బోలెడంతమంది పనిచేస్తారు. ముందురాత్రి డిన్నర్‌లో మైకు పట్టుకుని ఇంగ్లీషులో గంటసేపు మాట్లాడినవాడు. పోలీసాయన, "సర్, మీ కుటుంబంలో..." అనేసరికి చేతులు రెండూ అడ్డంగా ఊపి, "నో ఇంగ్లీష్. నో ఇంగ్లీష్" అంటూ వెనక్కి నడుస్తూ బాత్రూములోకి వెళ్ళిపోయాడు.

పక్కనున్నాయన ఫోను చెవికి పెట్టుకున్నాడు. ఆ ఫోను తలకిందులుగా ఉంది. ఇంకొకాయన మాత్రం నిలబడ్డాడు. పోలీసాయన ఆశగా అతని వైపు వంగాడు. "చూడండి, ఒక విచారకరమైన..." అతను వెంటనే చెయ్యెత్తి, చూపుడువేలు గాలిలో తిప్పుతూ మేళం వాళ్ళ వైపు అరిచాడు.

"గట్టిమేళం, గట్టిమేళం."

తాళి కట్టే వేళ తుమ్ములూ అపశకునపు మాటలూ ఎవరి చెవినా పడకుండా డోలూ సన్నాయీ ఒక్కసారిగా హోరెత్తించడం మన పద్ధతి. వేలు ఊపితే చాలు, మేళం వాళ్ళు కారణం అడగరు. అప్పటికింకా గౌరీపూజ కూడా అవలేదు. అయినా వాయించేశారు. పోలీసాయన పెదవులు కదిలాయి, మాట వినబడలేదు. మేళం ఆగగానే ఆయన మళ్ళీ నోరు తెరిచాడు. ఈసారి ఇంకోవైపు నుంచి ఇంకెవరో వేలు ఊపారు. అలా ఎన్నిసార్లయిందో లెక్క పెట్టలేదు. సన్నాయి ఆయన బుగ్గలు ఎర్రబడిపోయాయి. మగపెళ్ళివారు, "అబ్బో, వీళ్ళ మేళం భలే హుషారుగా ఉందే" అని మెచ్చుకున్నారు.

మేళం హోరులో మండపం పక్కనుంచి వెళ్తుంటే పీటల మీద ఉన్న పెళ్ళికూతురి తండ్రి నన్ను సైగ చేసి పిలిచాడు. వంగాను.

"మా అన్నయ్య టిఫిన్ చేశారా అమ్మా?"

నాకు అబద్ధం నోట రాలేదు, నిజం చెప్పే హక్కు లేదు. "పెద్దమ్మగారు కిందికి వచ్చేశారండీ" అన్నాను.

ఆయన నా ముఖం కేసి చూశాడు. "సరే. ఇంకేం చెప్పకమ్మా" అని తల తిప్పుకుని, పురోహితుడు చెప్పిన మంత్రం మళ్ళీ మొదటినుంచి చెప్పమన్నాడు. కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. హోమం పొగ అనుకున్నారంతా.

పోలీసాయన్ను బయట లాబీలోకి తీసుకెళ్ళి సంగతంతా విడమరిచి చెప్పాను. వినడం వల్లే మైల వస్తుందని, అందుకే ఎవరూ వినరని. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఈస్ట్ టెక్సాస్‌లో తన నాయనమ్మ ఎవరైనా పోతే ఇంట్లో అద్దాలన్నిటికీ గుడ్డలు కప్పేదని చెప్పాడు. "పైనున్నాయన ఎక్కడికీ వెళ్ళడు కదా. మీ వేడుక అవనివ్వండి, తర్వాతే డాక్టరు పేరు అడుగుతాను" అని, టోపీ ఒళ్ళో పెట్టుకుని సోఫాలో కూర్చున్నాడు.

నేను బాల్‌రూమ్ తలుపు దగ్గర నిలబడ్డాను. అక్కడ నాకేం పని లేదు. కానీ ఆవిణ్ణి వదిలి డెస్కుకి పోవాలనిపించలేదు.

గౌరీపూజ అయింది. పెళ్ళికూతురు బుట్టలో వచ్చింది. తెర పట్టారు. పెద్దమ్మగారు పెళ్ళికూతురి వెనకే ఉంది. ఒకసారి ఆ పిల్ల వెనక్కి వంగి, "పెద్దమ్మా, పెదనాన్న ఎక్కడ? ఎందుకు రాలే ఇంకా?" అని తన అమెరికా యాసలో అడిగింది.

"తయారవడానికి ఆలస్యం చేస్తున్నారు. నువ్వు ముందుకి చూడు. కిరీటం జారుతుంది" అంది పెద్దమ్మగారు.

మంగళసూత్రాలు పసుపుతాడుకి గుచ్చి, కొబ్బరిబోండాం మీద పెట్టి, పళ్ళెంలో సిద్ధం చేశారు. సభలో పెద్దలందరి చేతా తాకించి తీసుకురావాలి. పెద్దమ్మగారు పళ్ళెం అందుకుంది. నాలుగడుగులు వేసిందో లేదో పోయినాయన చెల్లెలు, అంటే పెళ్ళికూతురి మేనత్త, వడివడిగా వచ్చి పళ్ళెం అంచు పట్టుకుంది. ఆవిడ కళ్ళు అప్పటికే వాచి ఉన్నాయి. ఆవిడకీ తెలుసు. హాల్లో తెలియనివాళ్ళు పెళ్ళికూతురూ, మగపెళ్ళివారూ, పురోహితుడూ, మేళం వాళ్ళే.

"వదినా, ఇటివ్వు. నేను తిప్పుతా. నీకు మోకాళ్ళ నొప్పులు."

"ఇవాళ లేవు."

"పెద్దదానివి, కాసేపు కూర్చో. ఇటివ్వు వదినా."

"ఎందుకివ్వాలి?"

"ఊరికే."

"ఊరికే అయితే నేనే తిప్పుతా."

పళ్ళెం ఇద్దరి మధ్యా నిలబడిపోయింది. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు చేరారు. "పోనీ ఇచ్చేయక్కా" అంది ఒకావిడ. "ఏదో చెబుతోందిగా, ఇచ్చేయరాదూ."

"ఏదీ, ఏం చెబుతోంది? నాకేం వినబడలేదు." పెద్దమ్మగారు గొంతు పెంచలేదు. మాట మాత్రం నిలబెట్టి పలికింది. "నేను ఈ పళ్ళెం ఎందుకు పట్టుకోకూడదో ఒక్కరు చెప్పండి. పైకి, నలుగురూ వినేలా చెప్పండి. చెబితే ఇచ్చేస్తా."

మేనత్త నోరు తెరిచింది. మూసుకుంది. ఆ మాట పైకి అంటే మైల వచ్చి పీటల మీద పడుతుంది. అనకపోతే పళ్ళెం ఆవిడ చేతిలోంచి రాదు. వాళ్ళందరూ పొద్దుట్నుంచి చెవులు మూసుకుని కాపాడుకున్న ముహూర్తమే ఇప్పుడు ఆవిడకు కాపలా కాసింది.

"చెప్పవే ఆడబిడ్డా" అంది పెద్దమ్మగారు. "నీకు తెలిసిందేమిటో నాకూ చెప్పు."

మేనత్త కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. పళ్ళెం అంచు వదిలేసింది. వదిలేసి, తనే మొదట మంగళసూత్రాలను వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుంది.

పెద్దమ్మగారు పళ్ళెం హాలంతా తిప్పింది. ఒక్క వరస కూడా వదలలేదు. తెలిసినవాళ్ళ దగ్గర మరీ కాసేపు ఆగింది. బాత్రూములో దాక్కుని వచ్చిన ఆ పెద్దుద్యోగి చెయ్యి ముందుకి రాకపోతే, "తాకు నాయనా, ఇంగ్లీషు అక్కర్లేదు" అంది. ఆ మాట ఈవిడ చెవిదాకా ఎలా చేరిందో నాకు తెలియదు. అతను తాకాడు. తలుపు దగ్గర ఉన్న నా దాకా కూడా తెచ్చింది. "నేను హోటల్ మనిషినండీ" అన్నాను. "అయితే?" అంది. నేనూ తాకాను.

తాళి కట్టేటప్పుడు మళ్ళీ గట్టిమేళం మోగింది. ఈసారి వేళకే మోగింది. అందరికంటే ముందు అక్షింతలు పెద్దమ్మగారివే పడ్డాయి. విసరలేదు. దగ్గరికి వెళ్ళి పిల్ల నెత్తిన రెండు చేతులూ ఉంచి వదిలింది, అలాగే కాసేపు చేతులు తియ్యలేదు. మూడుముళ్ళూ అయ్యాయి, మేళం ఆగింది.

అప్పుడు ఆవిడ మరిది ఎదురుగా వెళ్ళి నిలబడింది. "మీ అన్నయ్య పొద్దున పోయారు బాబూ" అంది. మామూలు గొంతుతో అంది.

పొద్దుట్నుంచి ఏమీ తెలియనివాళ్ళందరికీ ఒక్కసారే తెలిసింది. ఏడుపులు లేచాయి. అందులో చాలా మటుకు నిజమైన ఏడుపులే, ఆపుకుని ఆపుకుని ఉన్నవి. పెళ్ళికూతురి తండ్రి పీటల మీదే ముందుకి వంగిపోయాడు. మేళం వాళ్ళు ఏం చేయాలో తెలియక వాయిద్యాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. పురోహితుడు మాత్రం నిదానంగా అన్నాడు: "నిన్న అంకురార్పణ అయిపోయాక మైల పెళ్ళికి అంటదమ్మా. మొదలైన శుభకార్యం పూర్తి చేసుకోవచ్చు. నన్ను అడిగితే పొద్దున్నే చెప్పేవాణ్ణిగా."

ఆయన్నెవరూ అడగలేదు. అడగాలంటే ఆయనకు చెప్పాలి కదా.

మేనత్త పెద్దమ్మగారి భుజం పట్టుకుంది. "ఇక పద వదినా, గదిలోకి. ఇంక నువ్విక్కడ..."

"వెళ్తున్నా. ఆయన దగ్గరికి వెళ్తున్నా. మీరు కూర్చోబెట్టే చోటికి కాదు."

"బొట్టు..." అంది వెనక ఎవరో.

"ఉంటుంది" అంది ఆవిడ. "పదో రోజు కూడా ఉంటుంది. నాకు బొట్టు పెట్టింది మా అమ్మ, ఆయన కాదు."

పెళ్ళికూతురు పీటల మీంచి లేచి వచ్చేసింది. తలంబ్రాలు ఇంకా అవలేదని ఎవరో ఆపబోతే వినలేదు. లిఫ్టు దగ్గర పెద్దమ్మ చెయ్యి పట్టుకుని కోపంగా ఏడ్చింది. "నాకు చెప్పాలి కదా పెద్దమ్మా. నేను స్టాప్ చేసేదాన్ని. మొత్తం స్టాప్ చేసేదాన్ని."

"అందుకే చెప్పలేదు" అంది పెద్దమ్మగారు. "ఆయన్ని ఒకసారి చూసి, కిందికి వెళ్ళి మిగతాది కానివ్వు. ఆయనకి సగంలో లేచిపోవడం నచ్చదు."

ఇద్దరూ పైకి వెళ్ళారు. వాళ్ళు లిఫ్టు ఎక్కేదాకా పోలీసాయన నిలబడి ఉండి, తర్వాత మరిదిగారి దగ్గర డాక్టరు పేరు రాసుకున్నాడు. సాయంత్రానికి ఫ్యూనరల్ హోమ్ వాళ్ళు వచ్చి పెదనాన్నగారిని తీసుకెళ్ళారు. లాండ్రీ బండి లేదు, బఫే బల్ల లేదు. పట్టుపంచె కట్టించుకుని, శుభ్రమైన తెల్లదుప్పటి కింద, సామాన్ల లిఫ్టులో దిగారు. ఆవిడ పక్కనే నడిచింది, నుదుటిన బొట్టుతో. లోడింగ్ డాక్ దగ్గర మా హోటల్ వాళ్ళంతా రెండు వరసల్లో నిలబడ్డారు. ఎవరు చెప్పారో, నేను చెప్పలేదు.

తర్వాత లైబ్రరీలో చావు ఆచారాల అర మొత్తం తిరగేశాను. దేశదేశాల వాళ్ళూ భార్యకే ఎక్కువ నియమాలు పెట్టారు. ఏం కట్టాలి, ఏం తినాలి, ఎక్కడ కూర్చోవాలి. ఆ నియమాలతోనే నియమం పెట్టినవాళ్ళ నోరు కట్టేసిన మనిషి ఆ పుస్తకాల్లో నాకు కనిపించలేదు. అందుకని, ఆవిడ గురించి ఉన్నది ఇదొక్క రాతే అయినా, ఒకటి ఉండాలి. నాటిక మళ్ళీ వేస్తారని విన్నాను. వేసుకోనివ్వండి. చూసినవాళ్ళలో ఒక్కరైనా ఇది కూడా చదివితే, ఎక్కడ నవ్వాలో వాళ్ళకే తెలుస్తుంది.

పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలి గానీ పేర్లు రాస్తే కొందరికి ఇబ్బంది. పిలుపులతోనే చెబుతాను, ఎవరి మాట వాళ్ళకు అందుతుంది. ప్రశ్న వేయకుండా వెనక తలుపు తీసిన మేనేజరమ్మకు. తన పని మానుకుని ఆయన పక్కన కూర్చున్న హోండురాస్ అక్కకు. టోపీ ఒళ్ళో పెట్టుకుని ఓపిక పట్టిన పోలీసన్నకు. ఎవరు వేలు ఊపితే వాళ్ళ కోసం ఊపిరి తెగేలా వాయించిన సన్నాయి మావయ్యకు. చివరికైనా నిజం చెప్పిన పంతులుగారికి. 'మీరు చూసుండరు' అన్నందుకు నాటిక రాసిన బాబుకు, అతను అనకపోతే నేను కలం పట్టేదాన్ని కాదు. ఆ డిస్కు వేరే ఊరి శాఖలో ఉంటే తెప్పించి పెట్టిన లైబ్రేరియన్ గారికి. పళ్ళెం వదిలేసిన మేనత్తగారికి. కిందటి నెల తన సీమంతంలో, ముందు వరసలో ఉన్న ముత్తయిదువులను ఆగమని చెప్పి, మొదటి గాజులు పెద్దమ్మ చేత తొడిగించుకున్న ఆ అమ్మాయికి. నా గురించి రాసుకోమ్మా, పేరొక్కటీ వద్దు, మిగతాది ఏదీ తగ్గించకు అన్న పెద్దమ్మగారికి.